మూడు ప్లేయర్లు, ఒక కోతుల డబ్బ

మా బాపు గొంతును నేనే తుడిచేసిన. మా ఇంట్ల అది ఒక్క చోటనే మిగిలి ఉండె, గోరంత మెమరీ కార్డుల. దొంగ ఎత్తుకపోలే, వాన్ల తడవలే, కోతి పీకలే. ఎలక్ట్రానిక్స్‌ల ఎంటెక్ చేసి, మొయినాబాద్ కాడ ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలకు సౌండ్ సిగ్నల్స్ పాఠం చెప్పే రంజిత్ సార్‌ను, నేనే, తెర మీద "అవును" అన్న కాడ బొటనవేలు పెట్టి నొక్కిన. నొక్కుకుంట ఈల గూడ వేసిన.

ఎట్లయ్యిందో చెప్త. నవ్వొస్తే నవ్వుండ్రి, ఏం ఫికర్ లేదు. మా ముడిమ్యాల ఊరంత ఇప్పటికే నవ్వి అలిసిపోయింది.

నాకు పాటల పిచ్చి అనుకుంటరు అందరు. కాదు. పాటల పిచ్చోళ్ళు మంచోళ్ళు, నిమ్మళంగ పాట ఇని పండుకుంటరు. నాది పాటలు ఇనిపిచ్చే మిషిన్ల పిచ్చి. ఫోన్ల పాట ఇనుడంటే నాకు నామోషి. ఒక్క పాటలకు తప్ప ఇంక దేనికి పనికిరాని ప్లేయర్లు కొంట, అమ్ముత, మళ్ళ కొంట. ఏ ప్లేయర్ సౌండు మంచిగున్నది, ఏది జేబుల పడుతది అని చెప్పనీకె యూట్యూబ్‌ల ఒక ఛానెల్ పెట్టిన. చూసేటోళ్ళల్ల సగం మంది మా చుట్టాలు, ఇంకో సగం ఇంటర్నల్ మార్కుల మీద ఆశ ఉన్న మా క్లాసు పిల్లలు. "ఈ ప్లేయర్ల వీణ తీగెకు, వేలుకు నడుమ ఉన్న గాలి గూడ ఇనిపిస్తది" అని ఒక వీడియోల చెప్తుంటే, మా ఆమె స్నిగ్ధ వంటింట్లకెళ్ళి, "గాలి ఇనిపిస్తది గని, గ్యాస్ అయిపోయిందని పొద్దుగాల్నుంచి ఒర్రుతున్న, గది ఇనిపియ్యదా?" అన్నది. ఆ మాట గూడ రికార్డయ్యింది. ఆ వీడియోకు వచ్చిన లైకులన్ని ఆమెకే.

పోయిన వానకాలం నా దగ్గర ఒక్కసారే మూడు ప్లేయర్లు జమైనయ్. మొదటిదానికి ఇటుక అని పేరు పెట్టిన. అంగీ జేబుల వేస్తే జేబు బొడ్డు దాక దిగుతది. కాని సౌండు? అబ్బబ్బ! ఫ్లూటు ఊదేటాయన ఊపిరి తీసుకునుడు ఇనిపిస్తది, ఎనుకనెవరో కుర్చీ జరుపుడు ఇనిపిస్తది. ఎవరో కుర్చీ జరిపితే నీకేందని మీరు అడగొద్దు. ఒకనాడు మెహదీపట్నం బస్సుల దాన్ని టికెట్ల మిషిన్ లెక్క చేతుల పట్టుకొని నిలబడ్డ. ఒక అవ్వ ఆధార్ కార్డు నా ముక్కు కాడ పెట్టి, "ఫిరీ టికెట్ కొట్టు బిడ్డా, చిల్కూరు క్రాస్ రోడ్డుకు" అన్నదంట. అంట అని ఎందుకంటున్ననంటే నాకు ఇనిపియ్యలే, చెవులల్ల ఇయర్‌ఫోన్లున్నయ్. "పాపం, చెవిటాయనకు కండక్టర్ నౌకరి ఇచ్చిండ్రు" అని ఆమె జాలిపడ్డదని పక్క సీటాయన దిగెటప్పుడు చెప్పిండు.

రెండోది సబ్బుబిళ్ళ. సౌండు బాగనే ఉంటది, జేబుల పడుతది, కాని చేతుల నిలవది. చేవెళ్ల మార్కెట్ల జారి టమాట బాక్సుల పడితే, ఆ బాక్సంత కుమ్మరిచ్చి ఎతికిన. మూడోది గుండి. అంగీకి పెట్టుకుంటే ఇంకో గుండి అనుకుంటరు. మోసుడు సులువే గని, దాన్ల ఏ పాట పెట్టినా రేకుల షెడ్డు మీద వాన పడ్డట్టే ఉంటది. అంగీతోటే వాషింగ్ మిషిన్లకు పోయి బయటికొచ్చింది. వచ్చినంక సౌండు జర మెరుగైందని నా అనుమానం.

ఈ మూడింటికి పోటీ పెట్టాలె. పోటీ అంటే ధర్మంగ ఉండాలె. అవే పాటలు, అవే ఇయర్‌ఫోన్లు, అదే మెమరీ కార్డు మూడింట్ల పెట్టి ఇనాలె. కార్డు మారితే సౌండు మారుతదని మా అసోంటోళ్ళ నమ్మకం. నమ్ముతం మరి, చదువుకున్నోళ్ళం కదా. కాని నా కార్డులన్ని నిండిపోయి ఉన్నయ్. గా టైంల బాపు కోతుల డబ్బ పట్టుకొని నా అర్రలకు వచ్చిండు.

బాపు పేరు జనార్దన్. ఒకప్పుడు సర్పంచ్ చేసిండు. మీటింగుల మైకు ఇస్తే పక్కకు పెట్టి మాట్లాడేటోడు. ఆయన మా వాకిట్ల నిలబడి కూలోళ్ళను పిలిస్తే ఊరవుతల మేసే బర్లు తలకాయలెత్తేటియి. మొన్నటేడు గొంతుల గడ్డ లేసింది. పట్నం దవాఖానల గొంతే తీసేసిండ్రు. పానం దక్కింది, మాట పోయింది. ఇప్పుడు మెడ కాడ రంధ్రానికి అడ్డంగ తెల్ల దస్తి కట్టుకుంటడు, మమ్మల్ని చప్పట్లు కొట్టి పిలుస్తడు. కోపమొస్తే ఆ చప్పట్లు గూడ మీటింగుల కొట్టినట్టే ఉంటయ్.

కోతుల డబ్బ అంటే ఏం లేదు, పచ్చ ప్లాస్టిక్ పెట్టె, ముందట లౌడ్‌స్పీకర్, పైన పట్టుకోనీకె పిడి, లోపట కార్డు. మక్క కంకులు పాలు పోసుకునే టైముకు మా దిక్కు కోతుల లొల్లి ఇంతంత గాదు. గందుకే చేన్ల కట్టెకు ఇసోంటి డబ్బ కడ్తరు, పొద్దంత అది ఒర్రుతది. ఉత్తగ ఒర్రితే కోతులు రెండు రోజుల్ల తెలుసుకుంటయ్. బాపు ఏం చేస్తడంటే, డబ్బ ఒర్రంగనే ఒడిసెలల రాయి పెట్టి ఇసురుతడు. ఒర్రుడు డబ్బది, రాయి ఆయనది. మా చేను దిక్కు రావాలంటే కోతులు ఆలోచన చేసేటియి.

దాన్ల ఏమని ఒర్రుతదో నేను ఒక్కనాడు ఇనలే. చేన్లకు పోయిన ప్రతిసారి నా చెవులు మూసే ఉంటయ్. బయటి సప్పుడు అస్సలు లోపటికి రానియ్యని ఇయర్‌ఫోన్లవి, వాటి మీద గూడ ఒక వీడియో చేసిన. బజార్ల డబ్బ కొంటే కుక్క మొరుగుడు వేసిస్తరు, గదే ఉంటది అనుకున్న.

బాపు డబ్బను టేబుల్ మీద పెట్టి, అరచెయ్యి అటుఇటు ఊపిండు. సౌండు గరగర వస్తున్నదని అర్థం.

"ఇడిసిపెట్టు బాపు, ఫస్ట్ క్లాస్ చేసిస్త" అన్న.

నా భుజం తట్టి పోయిండు. స్పీకర్ పొర చినిగింది, గంతే. కొత్తది వేసిన. అండ్ల కార్డు కనవడ్డది. అరె, పోటీకి సరిపోతది! తీసి ఇటుకల పెట్టిన. 'ఈ కార్డు చదవనీకె రాదు, మొత్తం తుడవాల్నా' అని ఇటుక అడిగింది. మిషిన్‌కు ఉన్న తెలివి నాకు లేదు. నొక్కిన.

అంతటితోని ఆగినా బాగుండు. నా పాటల ఫైళ్ళు మామూలువి గావు, నాణ్యత తగ్గొద్దని ఒక్కొక్కటి బండెడు సైజు ఉంటది. కార్డు అంచు దాక నింపిన. పొద్దుగూకే దాక మూడు ప్లేయర్లు మార్చి మార్చి ఇన్న. మరి బాపు డబ్బల ఏదో ఒకటి పెట్టాలె గదా? కుక్కెందుకు, పులినే పెడదామని, ఇంటర్నెట్‌ల స్టూడియో క్వాలిటీ పులి గాండ్రింపు దింపి, ఇంకో పాత కార్డుల వేసిచ్చిన. ఎడమకెళ్ళి కుడికి పులి నడిచిపోతున్నట్టే ఉంటది. డబ్బకున్నది ఒక్కటే స్పీకర్ అన్న సంగతి నాకు యాదికి రాలే.

తెల్లారి ఆదివారం. నా పనితనం చూపియ్యనీకె నేను గూడ బాపుతోని చేన్లకు పోయిన. బాపు డబ్బను కట్టెకు కట్టి, ఒడిసెల చేతుల పట్టుకొని బటన్ నొక్కిండు. పులి గాండ్రించింది. బాపు ఎనుకకు మర్లి నా దిక్కు చూసిండు. మళ్ళ నొక్కిండు. పులే. డబ్బను చెవి కాడ పెట్టుకొని చూసిండు. నేను, "ఎట్లున్నది బాపు?" అని నవ్విన. నవ్విన నేను! ఆయన చెయ్యి మెల్లగ దస్తి మీదికి పోయింది, ఆడ్నుంచి డబ్బ మీదికి వచ్చింది, మళ్ళ దస్తి మీదికి పోయింది. నాకు సమజ్ కాలే. ఆయన డబ్బను ఆన్నే ఇడిసిపెట్టి ఇంటికి నడిచిండు.

ఇంటికి వచ్చినంక నన్ను కన్న మా అవ్వ, నిర్మలమ్మ, చెప్పింది.

"గా డబ్బల మీ బాపు ఒర్రుడుంటది గదరా! ఏంజేసినవ్?"

ఆపరేషన్‌కు ముందటి నాడు బాపు మక్క చేన్ల నిలబడి, మా మాణిక్యం కాక ఫోన్ల తన ఒర్రుడు పట్టిచ్చిండంట. "రేపటిసంది నేను ఒర్రనీకె రాదు, కోతులకు గా సంగతి తెల్వొద్దు" అన్నడంట. అదే కార్డుల వేసి డబ్బల పెట్టిండ్రు.

"మోటర్ వెయ్యనీకె పోతున్నట్టు పోతడు" అన్నది అవ్వ. "మంచె మీద కూసోని తన మాట తనే ఇంటడు. నేను చాటుకెళ్ళి చూసిన. మల్లొకసారి, మల్లొకసారి పెట్టుకొని ఇంటడు రా."

అవ్వ ఏడ్వలే. ఏడ్చినా నాకు సులువయ్యేది. ఊకె కొంగుతోని మూతి తుడుచుకున్నది.

నా అర్రల మూడు రకాల రికార్డర్లున్నయ్. వాన సప్పుడు రికార్డు చేసిన, కుక్కర్ విజిల్ రికార్డు చేసిన, మైకు ఎట్ల పని చేస్తదో చూద్దామని నా గురక గూడ రికార్డు చేసిన. ఆపరేషన్ అని తెలిసినంక గూడ బాపు గొంతు ఒక్క ముక్క పట్టి పెట్టుకోవాలని నాకు తట్టలే. మా పెండ్లి వీడియోల బాపు నోరు కదులుతది, బ్యాండు ఇనిపిస్తది. నేను లెక్చరర్‌ను! సిగ్గనిపిచ్చింది, నిజంగ మస్తు సిగ్గనిపిచ్చింది.

పోయిన ఫైళ్ళను ఎనుకకు తెచ్చే సాఫ్ట్‌వేర్లు నాకు తెలుసు. పిల్లలకు ల్యాబుల నేర్పిచ్చేది నేనే. ఉన్నయన్ని నడిపిన. మామూలు చిన్న పాటలు వేసి ఉంటే కార్డుల ఓ మూలనన్న బాపు గొంతు మిగిలేది. నా బండెడు ఫైళ్ళు మూల మూల తొక్కి కూసున్నయ్. ఏ మూల గీకినా ఫ్లూటే వస్తున్నది. ఎనుక కుర్చీ జరుపుడు గూడ వస్తున్నది.

మాణిక్యం కాక దగ్గరికి ఉరికిన. ఆ ఫోన్ నాట్లప్పుడు బురదల పడి పోయింది, ఇది కొత్త ఫోన్ అన్నడు.

"ఎవలకన్న పంపినవా కాకా?"

"కోతుల ఒర్రుడు ఎవలకు పంపుతరు బిడ్డా?" అన్నడు.

ఆ దినమంత బాపు వాకిట్ల మంచం మీదనే కూసున్నడు. ఒడిసెల చిలక్కొయ్యకు ఏలాడుతున్నది. నేను ఎదురుంగ పోతే మొకం తిప్పుకోలే, కోపం చెయ్యలే. చప్పట్లు గూడ కొట్టలే. తిట్టే గొంతు ఉండి తిట్టకపోతే అది వేరు. నా తప్పుకు తిట్టు తినే భాగ్యం గూడ నేనే తుడుచుకున్న.

సోమవారం సెలవు పెట్టి చేన్లకు నేనే కావలి పోయిన. స్టూడియో క్వాలిటీ పులి కట్టె మీదికెళ్ళి గాండ్రిస్తనే ఉన్నది. దాని కిందనే ఒక పిల్లల తల్లి కోతి కూసోని కంకి ఒలుచుకుంటున్నది. పొట్టు తీసి డబ్బ మీదనే పెడ్తున్నది. నేను ఒడిసెల ఇసిరితే రాయి ఎనుకకు పోయి బోరు రేకుకు తాకింది. కోతి పరేషాన్ గాలే, నన్ను చూసి ఇంకో కంకి ఇరిసింది. పులిని బంద్ చేసిన. జేబుల ఇయర్‌ఫోన్లున్నయ్ గని, వాటిని ముట్ట బుద్ధి గాలే. గెట్టు మీద ఉత్తగ కూసున్న. చెవులు ఖాళీగ పెట్టుకొని చేన్ల కూసునుడు నాకు అదే మొదలు కావచ్చు.

గాలి మర్లింది. మా చేను పక్కన బోడు, అంటే చిన్న మట్టి గుట్ట, దాని అవుతలికెళ్ళి సన్నగ ఎవరో ఒర్రుతున్నరు. హోయ్, హోయ్ అంటున్నరు. ఎవలదో కావలి అనుకున్న. చూడుండ్రి నా చెవులు ఎంత గొప్పయో, కుర్చీ జరిపితే పసిగట్టే చెవులు! కాసేపటికి మళ్ళ వచ్చింది.

"హోయ్! హోయ్! ఎల్లుండ్రి నీయవ్వ... ఓ రంజితూ!"

"ఆఁ బాపు!" అని లేసి నిలబడ్డ.

ఉరికిన. మక్క ఆకులు మొకాన్ని కోస్తున్నయ్, చెప్పు ఒకటి బురదల ఇరికింది, ఇడిసిపెట్టిన. బోడు దిగితే అవుతల మహేశ్వర్ చేను. మహేశ్వర్ అంటే ఎలక్షన్ల మా బాపు మీద నిలబడి ఓడిపోయినాయన. అప్పటిసంది మా ఇంటితోని మాటల్లేవు. ఆయన చేన్ల నడుమ, గోనె సంచి కప్పి, తక్కువ సౌండుతోని ఒక డబ్బ. దాన్ల మా బాపు.

మహేశ్వర్ నన్ను చూసి డబ్బను బంద్ చెయ్యనీకె ఉరికిండు. నేను ముందు చేరిన.

"బంద్ చెయ్యకు కాకా, నీ కాళ్ళు మొక్కుత!"

ఆయన భుజం మీది తువ్వాల సర్దుకున్నడు. "మీ డబ్బ ఒర్రుతుంటే బోడు మీద నిలబడి ఫోన్ల పట్టిన" అన్నడు మెల్లగ. "ఎలక్షన్ల గా గొంతుకే ఓడిన. కోతులు గూడ ఓడుతయేమో అని... మీ బాపుకు చెప్పకు రా. ఇజ్జత్ పోతది."

రోజు మా డబ్బ ఒర్రుతుంటే దీని సప్పుడు అండ్ల కలిసిపోయేది. మాది బంద్ అయినంకనే ఇది బయటపడ్డది. నేను సంచి తీసేసి, డబ్బ ముందట బురదల కూసోని మొదట్నుంచి ఇన్న.

స్పీకర్ల వచ్చిన సప్పుడును, బోడు మీద గాలిల, పాత ఫోన్‌తోని పట్టిన రికార్డింగ్. నా ఛానెల్ల అయితే దీనికి సున్నా మార్కులు. గాలి గరగర, నడుమ మహేశ్వర్ దగ్గు. అవ్విటన్నిటి కింద బాపు.

"హోయ్! హోయ్! ఎల్లుండ్రి నీయవ్వ! ఓ రంజితూ! అటు దిక్కు వస్తున్నయ్ సూడురా! ఓ రంజితూ! చెవులల్ల గా బిరడాలు తియ్యిరా! రంజితూ! అన్నం తిన్నవా రా? ... ఇనడులే వాడు. కానియ్యి మాణిక్యం, హోయ్! హోయ్!"

ఆ నాడు నేను చేన్లనే ఉన్న. మంచె మీద. చేతుల ఏదో ప్లేయర్ ఉన్నది, ఏదో గూడ యాదికి లేదు. రేపు గొంతు పోతదనంగ బాపు నన్ను పిలిచిండు, నేను పలకలే. పలకంది గూడ రికార్డయ్యింది. "తిన్నవా రా" అన్నంక జర సేపు ఆగుతడు, నేను ఏమన్న అంటనేమోనని. ఆ ఆగినంత సేపు గాలే ఉంటది. ఆ బురదల కూసోని ఏడ్చిన. మహేశ్వర్ ఏం చెయ్యాల్నో తెల్వక తన తువ్వాల నాకిచ్చి, అటు తిరిగి నిలబడ్డడు.

ఆయన కార్డుకెళ్ళి నా ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు, స్నిగ్ధ ఫోన్లకు, ఇటుకల, సబ్బుబిళ్ళల, గుండిల, బాపు డబ్బ కార్డుల, అన్నిట్ల వేసుకున్న. దగ్గు తీసేద్దామని గని, గాలి తగ్గిద్దామని గని నా వేలు ఎక్కడ పెట్టలే. నాకు నా వేలు మీద నమ్మకం పోయింది.

తెల్లారి పొద్దుగాల బాపును బతిమాలి చేన్లకు తోలుకపోయిన. అవ్వ సద్ది కట్టిచ్చింది. డబ్బను కట్టెకు కట్టి, నేను దూరం మంచె కాడికి పోయి నిలబడ్డ. బాపు బటన్ నొక్కిండు. పులి అనుకున్నడేమో, మొకం అప్పటికే పక్కకు పెట్టుకున్నడు.

"హోయ్! హోయ్!"

బాపు కదల్లే. డబ్బ పిడిని గట్టిగ పట్టుకున్నడు. నడుమ దగ్గు వచ్చింది. బాపు తల ఎత్తి, బోడు అవుతలికి చూసి, వేలు అటు చూపిచ్చి, నా దిక్కు కండ్లెగరేసిండు. నేను మహేశ్వర్ ఇజ్జత్ కాపాడనీకె తల అడ్డంగ ఊపిన. బాపు భుజాలు ఎగురుతున్నయ్. సప్పుడు లేకుంట నవ్వుతున్నడు. నవ్వుకుంటనే దస్తి కొసతోని కండ్లు తుడుచుకున్నడు.

"ఓ రంజితూ!" అన్నది డబ్బ.

"ఆఁ బాపు! వస్తున్న!" అని చేను అదిరేటట్టు ఒర్రిన. కోతులు కొన్ని నా ఒర్రుడుకే చెట్టెక్కినయ్. ఇంట్ల ఇంకెవలికి రాని గొంతు నాకు జరంత వచ్చిందని అప్పుడు తెలిసింది.

బాపు ఒడిసెల దించి నా దిక్కు చూసిండు. అది చిన్న రికార్డింగ్, అయిపోంగనే మళ్ళ మొదలైతది. మళ్ళ పిలిచింది, మళ్ళ పలికిన. గట్లనే ఎండెక్కేదాక. పక్క చేను కూలోళ్ళు పని బంద్ పెట్టి చూస్తున్నరు. రంజిత్ సార్ డబ్బతోని మాట్లాడుతున్నడని సాయంత్రానికి చేవెళ్ల దాక పోయింది. పోనియ్యి.

ఆకలైనంక బాపు చప్పట్లు కొట్టిండు. మంచె కింద కూసున్నం. ఆయన సద్ది గిన్నె మూత తీసి నాకే ముందు పెట్టిండు. నేను పెద్ద బుక్క నోట్ల పెట్టుకున్న.

"అన్నం తిన్నవా రా?" అన్నది డబ్బ.

బాపు నా మొకంలకే చూస్తున్నడు. బుక్క మింగేదాక గూడ ఆగలే నేను.

"తింటున్న బాపు" అన్న.